సి విటమినుకు క్రొవ్వు తొడుగు

ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణములలో సైతము నేడు “లైపోసోమల్ విటమిన్ సి” అను పేరు వినబడుచున్నది. మామూలు సి విటమిను బిళ్లకంటె దీని వెల పలు రెట్లు అధికము. విటమినుకు క్రొవ్వుతొడుగు వేసితిమి గనుక శరీరము దానిని ఎక్కువగా గ్రహించునని తయారీదారులు చెప్పుదురు. ఆ తొడుగు దేనినుండి దేనిని కాపాడుచున్నదో తెలిసికొన్నగాని ఆ వెల న్యాయమైనదో కాదో తేలదు. ఇందుకు కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులు చక్కని ఉదాహరణము.

ఆవు, కుక్క, కోడి తమకు కావలసిన సి విటమినును గ్లూకోజునుండి తామే తయారు చేసికొనును. మనుష్యునియందు ఆ నిర్మాణములోని చివరి మెట్టునకు వలయు ఎంజైము లేదు. ఎముకలుగల చేపలలో అధికభాగమునకు కూడ ఇదే లోపము. ఈ విటమిను లేనిదే కొల్లాజెన్ అను ప్రోటీను గట్టిపడదు. అందుచేత మనుష్యునకు చిగుళ్లనుండి నెత్తురు కారును. చేపకు వెన్నెముక వంకరపోవును.

కొల్లేటి చుట్టుపట్ల రైతులు తవుడు, చెక్క కలిపిన మేతను కన్నములు పెట్టిన సంచులలో నింపి, చెరువులో నాటిన గుంజలకు వ్రేలాడగట్టుదురు. ఆ మేతలో ఉత్త ఆస్కార్బిక్ ఆమ్లము కలిపినచో చేప నోటికి చేరులోపుననే చాలవరకు నీటిలో కరిగిపోవును. గుళికల మేతలోనైనచో తయారీనాటి ఆవిరివేడికే కొంత నశించును. కనుక మేత తయారుచేయువారు ఈ విటమినుకు క్రొవ్వుపూతయో, సెల్యులోజు పూతయో వేయుదురు. లేదా ఫాస్ఫేటుతో బంధింతురు. ఆ బంధమును చేప ప్రేగులోని ఎంజైములు విడదీయును. ఇక్కడ వేడి, నీరు అను ఇద్దరు శత్రువులు స్పష్టముగా ఉన్నారు. తొడుగు అవసరమే.

మనుష్యుడు మ్రింగు బిళ్ల చెరువులో నానదు. ఇక్కడి అడ్డంకి వేరు. ప్రేగు గోడలోని ప్రత్యేకవాహక ప్రోటీనులు సి విటమినును రక్తములోనికి చేర్చును. కాలువ ఎంత నిండుగా పారినను తూము తన ప్రమాణమునకు మించి నీరు వదలదు గదా! ఒక్కసారి 200 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నచో దాదాపు అంతయు రక్తమునకు చేరును. 1,000 మిల్లీగ్రాములు దాటినచో సగమైనను చేరదు. రక్తములో మితిమీరినదానిని మూత్రపిండములు బయటికి పంపివేయును.

ఈ తూమును తప్పించు ఉపాయముగా లైపోసోమును చెప్పుచున్నారు. 1960 ప్రాంతములలో ఇంగ్లండులోని బేబ్రహాం పరిశోధనాలయమున అలెక్ బాంగమ్ అను శాస్త్రజ్ఞుడు ఫాస్ఫోలిపిడ్లు నీటిలో తమంతట తామే మూతపడిన తిత్తులుగా ఏర్పడుటను గమనించెను. గ్రుడ్డు పచ్చసొనలోను, సోయా లెసిథిన్‌లోను ఉండునవి ఈ ఫాస్ఫోలిపిడ్లే. వీని తల నీటిని కోరును. తోకలు నీటిని విసర్జించును. తిత్తి వ్యాసము తరచుగా మిల్లీమీటరులో పదివేలవ వంతు ప్రాంతమున ఉండును. ఇది కల్పన కాదు. 2021లో నల్ల ఫంగసు వ్యాధికి వాడిన ఆంఫోటెరిసిన్-బి మందు లైపోసోములలో పెట్టినదే. అయితే దానిని నేరుగా రక్తనాళములోనికి ఎక్కింతురు. నోట మ్రింగిన తిత్తి పైత్యరస లవణములను, క్రొవ్వును జీర్ణించు ఎంజైములను దాటవలసియున్నది. ఈ భేదమును ప్రకటనలు చెప్పవు.

2016లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 11 మందికి 4 గ్రాముల మోతాదు ఇచ్చి చూచిరి. లైపోసోమ్ రూపమున ఇచ్చినప్పుడు రక్తములోని విటమిను మామూలు రూపముకంటె హెచ్చుగానే ఉన్నది. నరమునకు ఎక్కించినప్పటికంటె తక్కువగా ఉన్నది. కాబట్టి తయారీదారుల మాట పూర్తిగా అబద్ధము కాదు. కాని 4 గ్రాములు ఎవరికి కావలెను? భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన దినసరి మోతాదు పురుషునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు గలవు! అదియు తూము సులభముగా వదలు మోతాదే. ఇక జలుబు సంగతి: నిత్యము సి విటమిను పుచ్చుకొన్నను సామాన్యులకు జలుబు రాకమానదు, వచ్చినది పెద్దవారిలో నూటికి ఎనిమిది వంతులు మాత్రమే త్వరగా తగ్గును.

అయినను కొనదలచినవారు చీటీని శ్రద్ధగా చదువవలెను. దానిపై వ్రాసిన మిల్లీగ్రాములు ఆస్కార్బిక్ ఆమ్లమువా, తొడుగుతో కలిపినవా? ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నదా? ఫాస్ఫోలిపిడ్లు ఎంత? లెసిథిన్ పొడిని విటమిను పొడితో ఉత్తగా కలిపినంతమాత్రమున లైపోసోము కాజాలదు. ద్రవరూపమైనచో మన మే నెల వేడిలో బల్లమీద ఉంచరాదు.

పెద్దవారు దినమునకు 2,000 మిల్లీగ్రాములు మించరాదు. మూత్రపిండములలో రాళ్లున్నవారును, థాలసీమియా మొదలగు వ్యాధులచే శరీరములో ఇనుము పేరుకొన్నవారును వైద్యుని అడుగక అధిక మోతాదు ముట్టరాదు. మధుమేహరోగులు మరియొక సంగతి గమనింపవలెను: ఇంటివద్ద వాడు కొన్ని చక్కెర పరీక్షాయంత్రములు అధిక సి విటమిను వలన చక్కెరను ఉన్నదానికంటె ఎక్కువగా చూపును. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ హెచ్చించుట ప్రాణాపాయకరము.

పాఠశాల ప్రయోగశాలలో గంజి కలిపిన జామరసములోనికి అయొడిన్ ద్రావణమును చుక్కచుక్కగా విడిచి, నీలిరంగు నిలుచు వరకు లెక్కపెట్టినచో అందలి సి విటమినును స్థూలముగా కొలువవచ్చును. సీసాలోని మందును కూడ ఇట్లే పరీక్షింపవచ్చును. అయితే ఈ పరీక్ష విటమిను పరిమాణమునే తెలుపును. లైపోసోము ఉన్నదీ లేనిదీ తేల్చుటకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వంటి పరికరము కావలెను.