కంటి దగ్గర తప్పు, కాలి దగ్గర ఫలితం

యుద్ధవిమానం కాక్‌పిట్‌ను రూపొందించేటప్పుడు ఇంజినీర్లు ముందుగా కంప్యూటర్లో ఒక మనిషి బొమ్మను కూర్చోబెడతారు. అవయవాల పొడవులు, కీళ్లు వంగే హద్దులు అంకెల్లో ఇస్తే ఆ బొమ్మ చెయ్యి చాపుతుంది, పెడల్ తొక్కుతుంది, అద్దంలోంచి బయటికి చూస్తుంది. దీన్ని డిజిటల్ మానవ నమూనా అంటారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నార్మన్ బాడ్లర్ బృందం తయారుచేసిన ‘జాక్’ వీటిలో పేరుపొందింది. విమానం కట్టకముందే లోపాలు బయటపడటం దీనివల్ల లాభం. బొమ్మ చెప్పింది నిజమో కాదో తేల్చడమే కష్టమైన పని.

చోడవరం నుంచి పైలట్ కావాలని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి (ఎన్‌డీఏ) వెళ్లే కుర్రాడిని వైద్యపరీక్షలో టేపుతో కొలుస్తారు. కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96 సెం.మీ., కాలి పొడవు 99 నుంచి 120 సెం.మీ. ఉండాలి, తొడ 64 సెం.మీ. మించకూడదు. తొడ మరీ పొడవైతే, ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరేటప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కు కొట్టుకుంటాయి. ఈ మూడు కొలతలూ విడివిడిగా చూసేవి. కాక్‌పిట్‌లో మాత్రం ఒకదాన్ని ఒకటి లాగుతాయి.

అక్కడ లెక్కంతా పైలట్ కన్ను ఉండాల్సిన చోటు నుంచి మొదలవుతుంది. విమానం ముక్కు మీదుగా రన్‌వే, ఎదుటి అద్దం మీద హెడ్-అప్ డిస్‌ప్లే చూపే గుర్తులు, రెండూ సరిగ్గా కనపడేది ఆ చోటి నుంచే. మొండెం పొట్టిగా ఉన్నవాళ్లు కన్ను అక్కడికి చేర్చడానికి సీటు పైకి లేపుకుంటారు. సీటుతోపాటు తుంటీ లేస్తుంది. పెడల్స్ ముందుకూ వెనక్కూ జరుగుతాయి గాని పైకి రావు, కాబట్టి పాదానికి అవి దూరమవుతాయి.

ఇప్పుడు బొమ్మ పొరపాటు చూడాలి. అది నిటారుగా కూర్చుంటుంది. మనిషి అలా కూర్చోడు: కండ నొక్కుకుంటుంది, నడుం వంగుతుంది, కన్ను కిందికి దిగుతుంది. ఆ తేడా 3 సెం.మీ. అనుకుందాం. కన్ను 3 సెం.మీ. పైనే ఉందని నమ్మిన బొమ్మ సీటును అంత కిందే ఉంచి, పెడల్ అందుతుందని తేల్చేస్తుంది. అసలు పైలట్ సీటు లేపక తప్పదు, అప్పుడు పెడల్ అందదు. ఇదే పొరపాటు పొడగరి దగ్గర తిరగబడుతుంది. అతని తల పైకప్పుకు తగులుతుందని బొమ్మ అంటుంది. నిజంగా కూర్చుంటే తగలదు. ఒకే తప్పు పొట్టివాళ్లను అన్యాయంగా పాస్ చేస్తుంది, పొడగరులను అన్యాయంగా ఫెయిల్ చేస్తుంది. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే అది కనపడకుండా పోవచ్చు!

అందుకే నమ్మదగిన పరీక్షలో ఒక మనిషి కొలతలనే బొమ్మకు ఇచ్చి, ఆ మనిషినే కాక్‌పిట్ మాక్-అప్‌లో (కట్టుడు నమూనాలో) కూర్చోబెట్టి, కన్ను ఎత్తు, చెయ్యి అందే దూరం, మోకాలి ఎడం మనిషి మనిషికీ పోల్చాలి. భుజాల పట్టీల సంగతి మరవకూడదు. పట్టీలు బిగించి వీపు సీటుకు ఆనించినప్పుడు, పట్టీలు బిగిసి ఉండగానే భుజం సాగదీసినప్పుడు, పట్టీలు వదులు చేసినప్పుడు చెయ్యి అందే దూరాన్ని అమెరికా సైనిక ప్రమాణం మూడు వేరు మండలాలుగా చూస్తుంది. పట్టీ లేని బొమ్మ చెయ్యి అందించే స్విచ్‌లు పైలట్‌కు అందకపోవచ్చు.

సగటు మీద భ్రమ పాతదే. 1950లో అమెరికా వాయుసేన 4,063 మంది పైలట్లను కొలిచింది. గిల్బర్ట్ డానియల్స్ పది కొలతలు తీసుకుని, ప్రతిదాంట్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లను వెతికాడు. పదింటిలోనూ సరిపోయినవాడు ఒక్కడూ దొరకలేదు. అయినా ఒక సగటు బొమ్మతోనో, అన్ని కొలతలూ చిన్నవైన ఒక ‘చిన్న’ బొమ్మతోనో పరీక్ష ముగించే అలవాటు పోలేదు. పొట్టి మొండానికి పొడవు కాళ్లు, పొడవు మొండానికి పొట్టి చేతులు ఉన్నవాళ్లే కాక్‌పిట్‌ను నిజంగా పరీక్షిస్తారు.

కొన్న విమానంలో కాక్‌పిట్ కొలతలు ఎక్కడో నిర్ణయమైపోతాయి. కోట హరినారాయణ నాయకత్వంలో రూపుదిద్దుకుని 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్ లాంటి విమానంలో ఆ నిర్ణయం మన చేతిలోనే ఉంటుంది. 2016 జూన్‌లో దుండిగల్ వాయుసేన అకాడమీలో ముగ్గురు మహిళలు యుద్ధవిమాన పైలట్లుగా అడుగుపెట్టాక, మగవాళ్ల కొలతలతోనే సరిచూసిన బొమ్మ చాలదు. స్త్రీల ఒంటి నిష్పత్తులు వేరు. పురుషుడి బొమ్మను కుదిస్తే స్త్రీ బొమ్మ కాదు. వందలమందిని టేపు పట్టి కొలవడం కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నంత ఆకర్షణీయం కాదు గాని, దానికి బదులు లేదు. ఈ పద్ధతి బస్సు డ్రైవర్ సీటుకూ, ట్రాక్టర్ సీటుకూ పనికొస్తుంది. అక్కడా కన్ను రోడ్డు మీదుండాలి, కాలు బ్రేకు మీదుండాలి.