జరిమానా కట్టినంత మాత్రాన అమెరికాలో కేసు ముగియదు
పిల్లలను పైచదువులకు పంపే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

సిద్దిపేట : పొలం తాకట్టు పెట్టో, బ్యాంకులో అప్పు తీసుకునో పిల్లలను అమెరికా పంపుతున్న కుటుంబాలు ఇప్పుడు మన పల్లెల్లోనూ ఉన్నాయి. ఫీజు, విమాన ఛార్జీ, గది అద్దె గురించి పదిమందిని వాకబు చేసే తల్లిదండ్రులు ఒక్క సంగతి మాత్రం అడగడం లేదు. అక్కడ పిల్లవాడు చిన్న తప్పు చేసి పోలీసులకు దొరికితే ఏమవుతుంది?

మనకు అలవాటైన పద్ధతి వేరు. బండి పట్టుబడితే చలానా కడతాం. తగాదా ఠాణాకెక్కితే పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు, లోక్ అదాలత్‌లో కేసు ముగుస్తుంది. అంతటితో మరచిపోతాం. అమెరికాలో విదేశీ విద్యార్థికి అలా కుదరదు. కోర్టు కొద్దిపాటి జరిమానాతో వదిలిపెట్టినా, ఇమ్మిగ్రేషన్ శాఖ అదే కేసును తన చట్టం ప్రకారం వేరుగా చూస్తుంది.

2024 మార్చిలో న్యూజెర్సీ రాష్ట్రం హోబోకెన్‌లో ఒక దుకాణంలో కొన్ని సరుకులకు డబ్బు చెల్లించలేదన్న ఆరోపణపై ఇద్దరు తెలుగు విద్యార్థినులను పోలీసులు అరెస్టు చేశారు. రెట్టింపు డబ్బు కడతామన్నా పోలీసులు ఒప్పుకోలేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

వీసా వేరు, పద్దు వేరు

వీసా అంటే గడప దాటించే చీటీ. లోపలికి వెళ్లాక ఉండనిచ్చేది కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం, ‘సెవిస్’ అనే ప్రభుత్వ కంప్యూటర్ పద్దు. వీసా రద్దయితే చదువు వెంటనే ఆగకపోవచ్చు గాని, సెలవులకు ఇంటికి వస్తే మళ్లీ కొత్త వీసా లేనిదే వెళ్లలేరు. సెవిస్ పద్దు రద్దయితే చదువుకే ముప్పు.

తాగి కారు నడిపిన కేసులో అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. దొంగతనాన్ని అక్కడి చట్టం సాధారణంగా నీతిమాలిన నేరంగా లెక్కిస్తుంది. దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్ల లోపు చేసిన అలాంటి నేరానికి ఏడాది శిక్ష విధించే వీలుంటే, అసలు జైలుకు వెళ్లకపోయినా దేశం నుంచి పంపివేయవచ్చు. తప్పు ఒప్పుకొని జరిమానా కడితే అది నేరం రుజువైనట్లే లెక్క.

మామూలు స్పీడు చలానా ఇంతదూరం తీసుకుపోదు. అయితే 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం పోలీసు రికార్డులతో సరిచూసి 4,700కు పైగా సెవిస్ పద్దులు రద్దు చేసింది. వాటిలో ట్రాఫిక్ కేసులు, కోర్టు కొట్టివేసిన కేసులు కూడా ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ న్యాయవాదుల సంఘం తన దృష్టికి వచ్చిన 327 కేసులు పరిశీలించగా సగం మంది భారతీయులే. విద్యార్థులు కోర్టులకెక్కడంతో ఏప్రిల్ 25న పద్దులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వం తెలిపింది.

చిక్కు వస్తే ఏం చేయాలి?

తప్పు ఒప్పుకొనే ముందే లాయరును కలవాలి. ఆ ఒప్పుకోలు వల్ల దేశం విడిచిపోవలసి వస్తుందేమో లాయరు ముందే చెప్పాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి తెలపాలి. అరెస్టయితే భారత కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు ఉంది. కోర్టు వాయిదా తప్పరాదు. కేసు కొట్టివేసిన కాగితాలు భద్రపరచుకోవాలి. లాయరును అడగకుండా ఇంటికి ప్రయాణం కట్టరాదు.

ఇక్కడి కేసులూ వెంట వస్తాయి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే 1967 పాస్‌పోర్టు చట్టం కింద పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. రాజీ అయినా, కేసు కొట్టివేసినా నిజమే రాయాలి. దాచినట్లు తేలితే వీసా శాశ్వతంగా దక్కకుండా పోయే ప్రమాదముంది.

కొడుకో కూతురో రాత్రివేళ ఫోను చేసి పోలీసు కేసు అయిందంటే, ‘ఎంతో కొంత కట్టి బయటపడు బిడ్డా’ అనడం ఏ తల్లిదండ్రులకైనా సహజమే. అలా కట్టేముందు లాయరును అడిగావా అని ఒక్క మాట అడగడం మేలు.