బ్రిస్టల్... లెక్క దాచని రేవు

కిళ్లీకొట్టు బోర్డు మీద ‘విల్స్’ అన్న పేరు మన ఊళ్లలో కొన్ని తరాలకు బాగా తెలుసు. అది ఒక కుటుంబం ఇంటిపేరు. ఆ కుటుంబానిది ఇంగ్లాండు నైరుతి మూలనున్న బ్రిస్టల్. చేపలు, ద్రాక్షసారాయి, పంచదార, పొగాకు... అన్నీ ఆ రేవులో దిగాయి. మనుషుల్ని సరుకుగా కొని అమ్మే ఓడలూ అక్కడి నుంచే బయల్దేరాయి. ఆ వ్యాపారాల సొమ్ముతో లేచిన మేడల్ని చూడటానికి ఇప్పుడు పర్యాటకులు వస్తున్నారు. ఆ సొమ్ము ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా అక్కడే చెబుతోంది ఆ ఊరు. బ్రిస్టల్‌లో అసలు చూడాల్సింది అదే.

ఆటుపోట్ల మీద బేరం

బ్రిస్టల్ సముద్రం ఒడ్డున లేదు. ఏవన్ నది మీద పది కిలోమీటర్లకు పైగా లోపలికి వస్తే తగులుతుంది. ప్రపంచంలోనే పెద్దవనిపించుకున్న ఆటుపోట్లు ఆ నదిలోకి ఎగదన్నుతాయి. ఆటుకీ పోటుకీ మధ్య తేడా 12 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. పోటు మీద లోపలికొచ్చిన ఓడ, ఆరు గంటలు తిరిగేసరికి బురదలో కూలబడేది. అడుగు గట్టిగా లేకపోతే పగిలిపోయేది. సరుకు సరిగా కట్టకపోతే ఒకవైపు దొర్లిపోయేది.

ఈ బాధ పడలేక 1804లో విలియం జెస్సప్ అనే ఇంజినీరు పథకంతో పని మొదలుపెట్టారు. నదికి ‘న్యూ కట్’ అనే కొత్త కాలువ తవ్వి ఆటుపోట్లను అటు మళ్లించారు. పాత పాయకు లాకులు బిగించి నీళ్లు నిలబెట్టారు. 1809 నాటికి ‘ఫ్లోటింగ్ హార్బర్’ సిద్ధమైంది. ఈరోజుకీ ఊరి నడిబొడ్డున ఉన్న జలాశయం అదే. ఆటు వేళ అక్కడ నిలబడితే తమాషా కనిపిస్తుంది: హార్బర్‌లో నీళ్లు నిండుగా ఉంటాయి, కూతవేటు దూరంలో న్యూ కట్ మాత్రం గోధుమరంగు బురదగుంటలా నోరు తెరుచుకుని ఉంటుంది.

ఓడలు పెద్దవయ్యాక ఈ వంకర నది వాటికి చాల్లేదు. నది ముఖద్వారం దగ్గర ఏవన్‌మౌత్‌లో 1877లో కొత్త రేవు తెరిచారు. ఊళ్లో రేవు 1975లో సరుకుల ఓడలకు తలుపులు మూసింది. పాత గోదాముల్లో ఎం షెడ్ అనే మ్యూజియం వెలిసింది. దాని ముందు 1950ల నాటి నాలుగు కరెంటు క్రేన్లు ఇంకా నిలబడే ఉన్నాయి.

పుట్టిన చోటికే చేరిన ఓడ

1497లో జాన్ కాబట్ అనే ఇటలీ నావికుడు ఏడో హెన్రీ రాజు అనుమతి పత్రం పట్టుకుని ‘మాథ్యూ’ అనే చిన్న ఓడలో ఇక్కడి నుంచే బయల్దేరి ఉత్తర అమెరికా తీరం చేరాడు. సరిగ్గా 500 ఏళ్లకు, 1997లో, ఆ ఓడకు నకలు కట్టి అదే దారిలో న్యూఫౌండ్‌లాండ్ దాకా నడిపారు. ఇప్పుడది హార్బర్‌లోనే ఉంది. అట్లాంటిక్ దాటడానికి ఇంత చిన్న ఓడలో ఎలా బయల్దేరారా అనిపిస్తుంది.

కాస్త ముందుకెళితే ‘ఎస్‌ఎస్ గ్రేట్ బ్రిటన్’. ఇంజినీరు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ కట్టిన ఈ ఓడను 1843 జులై 19న నీళ్లలోకి వదిలారు. పొడవు 98 మీటర్లు. ఇనుప పొట్ట, మరచక్రం (ప్రొపెల్లర్) రెండూ కలిసిన తొలి మహాసముద్ర ప్రయాణికుల ఓడ అది. ఆస్ట్రేలియాకు వేలమంది వలసదారుల్ని మోసింది. 1857 తిరుగుబాటు నాడు ఆంగ్ల సైనికుల్ని బొంబాయికి చేర్చింది. 1861లో ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లిన తొలి ఇంగ్లాండు క్రికెట్ జట్టు ఎక్కిందీ దీన్నే. వయసైపోయాక ఫాక్‌లాండ్ దీవుల్లో గోదాముగా మారింది. 1937లో అక్కడే ఒడ్డున ముంచి వదిలేశారు. 1970లో పైకి తేల్చి, తెప్పమీద అట్లాంటిక్ దాటించి తెచ్చారు. పుట్టిన డాక్‌లోకే చేర్చారు, అదీ జులై 19నే.

ఇప్పుడు ఓడ నీటిగీత దగ్గర చుట్టూ అద్దాలు పరిచి, పైన పలచగా నీళ్లు నిలిపారు. దూరం నుంచి ఓడ తేలుతున్నట్టే ఉంటుంది. మెట్లు దిగి అద్దం కిందికి వెళితే అసలు సంగతి తెలుస్తుంది. ఇనుప రేకులు తుప్పుపట్టి చిల్లులు పడి ఉన్నాయి. ఆ తుప్పు ఇంకా తినెయ్యకుండా యంత్రాలతో గాలిలో తేమను 20 శాతానికి దించి ఉంచుతారు. అందుకే అక్కడి గాలి ఎడారిగాలిలా పొడిగా తగులుతుంది.

బ్రూనెల్ పేరు చెబితే ఈ ఊరివాళ్లు ముందు చూపించేది క్లిఫ్టన్ వేలాడే వంతెన. రెండు కొండకొమ్ముల మధ్య 214 మీటర్లు, నది మీద సుమారు 75 మీటర్ల ఎత్తు. 1831లో పని మొదలైంది, డబ్బు అయిపోయి ఏళ్లతరబడి ఆగింది. 1864 డిసెంబరులో తెరిచే నాటికి బ్రూనెల్ చనిపోయి అయిదేళ్లు. నడిచి దాటేవాళ్లకు రుసుము లేదు.

మూడు ముళ్ల గడియారం

కార్న్ స్ట్రీట్‌లో ఎక్స్ఛేంజ్ భవనం ముందు నడుమెత్తున నాలుగు కంచు బల్లలు ఉంటాయి. వాటిని ‘నెయిల్స్’ అంటారు. వర్తకులు బేరం కుదిరాక డబ్బు లెక్కపెట్టి ఇచ్చుకున్న బల్లలివి. తలెత్తితే గడియారానికి నిమిషాల ముళ్లు రెండు కనిపిస్తాయి. లండన్‌కు పడమరగా ఉన్న బ్రిస్టల్‌కు సూర్యుడు పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. రైలుబండ్లు లండన్ టైముకు నడవడం మొదలయ్యాక ఊరికి రెండు టైములు కావాల్సి వచ్చాయి. 1852 దాకా ఊరు తన టైమును వదల్లేదు. భవనం వెనకే సెయింట్ నికోలస్ మార్కెట్. మధ్యాహ్న భోజనానికి అంతకంటే మంచి చోటు వెతుక్కోనక్కర్లేదు.

పంచదార మేడ, పేరో వంతెన

ఆఫ్రికా వ్యాపారం మీద లండన్‌లోని రాయల్ ఆఫ్రికన్ కంపెనీ గుత్తాధిపత్యం 1698లో పోయింది. అప్పటి నుంచి 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించేదాకా బ్రిస్టల్ ఓడలు రెండు వేలకు పైగా యాత్రలు చేశాయి. సుమారు అయిదు లక్షలమంది ఆఫ్రికన్లను గొలుసులేసి అట్లాంటిక్ దాటించాయి. తిరుగు ప్రయాణంలో పంచదార, పొగాకు తెచ్చాయి.

ఆ డబ్బు ఎలా ఉండేదో చూడాలంటే గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో జార్జియన్ హౌస్‌కు వెళ్లాలి. నెవిస్ దీవిలో చెరకు తోటలున్న జాన్ పిన్నీ 1790 ప్రాంతంలో కట్టించిన ఇల్లు. నేలమాళిగలో దొర చన్నీళ్ల స్నానానికి రాతి తొట్టి కూడా ఉంది. అతని వెంట ఈ ఇంటికొచ్చిన బానిస సేవకుడు పేరో. హార్బర్ మీద 1999లో వేసిన కాలినడక వంతెనకు ఊరు పెట్టుకున్నది ఆ సేవకుడి పేరే, పేరోస్ బ్రిడ్జ్.

థామస్ లేన్‌లోని సెవెన్ స్టార్స్ అనే పాత మద్యశాలకూ ఈ కథలో చోటుంది. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా సాక్ష్యాలు కూడగట్టడానికి 1787లో వచ్చిన థామస్ క్లార్క్‌సన్, ఇక్కడి యజమాని సాయంతోనే నావికుల నోళ్లు విప్పించాడు.

ఇక ఎడ్వర్డ్ కోల్‌స్టన్. బానిస వ్యాపారం చేసిన ఆ రాయల్ ఆఫ్రికన్ కంపెనీలోనే పెద్ద పదవి వెలగబెట్టి, బళ్లకూ సత్రాలకూ దానాలిచ్చిన మహారాజపోషకుడు. 1895లో ఊరు అతనికి కంచు విగ్రహం పెట్టింది. 2020 జూన్ 7న నిరసనకారులు దాన్ని తాళ్లతో లాగి, దొర్లించుకుంటూ పోయి హార్బర్‌లో పడేశారు. ఊరు విగ్రహాన్ని బయటికి తీసింది కానీ దిమ్మె మీద తిరిగి నిలబెట్టలేదు. ఎం షెడ్‌లో వెల్లకిలా పడుకోబెట్టింది, నిరసనకారులు పూసిన రంగులు తుడవకుండానే. ఖాళీ దిమ్మెకు దగ్గర్లో ఎడ్మండ్ బర్క్ విగ్రహం ఉంది. బ్రిస్టల్ ఎంపీగా పనిచేసి, తర్వాత మన గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మీద అభియోగం నడిపిన బర్క్ ఆయనే.

గుంటూరు ఆకు దాకా

విల్స్ కుటుంబం 1786లో పొగాకు వ్యాపారంలో దిగింది. 1901లో ఇతర కంపెనీలతో కలిసి ఇంపీరియల్ టొబాకో అయింది. ఆ పొగాకు వ్యాపారం విస్తరణలో భాగంగానే 1912లో మన గుంటూరు జిల్లాలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పుట్టింది. ఐఎల్‌టీడీ అంటే చీరాలలో ఇప్పటికీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. వర్జీనియా పొగాకు, ఆకును ఆరబెట్టే బ్యారన్లు, గ్రేడింగు కూలీలు... ఒక ప్రాంతం వ్యవసాయం రూపురేఖలే మారిపోయాయి.

అటువైపు బ్రిస్టల్‌లో ఆ సొమ్ము విశ్వవిద్యాలయమైంది. పార్క్ స్ట్రీట్ చివర 65 మీటర్ల విల్స్ మెమోరియల్ గోపురాన్ని 1925లో ప్రారంభించారు. అమెరికాలో బానిసత్వం రద్దయ్యేదాకా విల్స్ వాడిన ఆకు బానిసలు పండించినదే. అందుకే ఆ పేరు ఉంచాలా తీసేయాలా అని విశ్వవిద్యాలయం చర్చ పెట్టి, 2023లో ఉంచాలనే తేల్చింది. కంబర్‌లాండ్ బేసిన్ దగ్గర ఎర్ర ఇటుకల పొగాకు గోదాముల్లో ఒకదాంట్లో ఇప్పుడు ఊరి చరిత్ర పత్రాలు భద్రంగా ఉన్నాయి. బెడ్‌మిన్‌స్టర్‌లోని సిగరెట్ ఫ్యాక్టరీ నాటకశాల అయింది.

రామ్మోహనుడి సమాధి

మొగల్ చక్రవర్తి దూతగా ఇంగ్లాండు వెళ్లిన రాజా రామ్మోహన రాయ్ 1833 సెప్టెంబరులో మిత్రుల ఆహ్వానం మీద బ్రిస్టల్ వచ్చి, జబ్బుపడి, 27న కన్నుమూశారు. పదేళ్ల తర్వాత ద్వారకానాథ్ టాగోర్ పూనుకుని ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో రాతి ఛత్రి కట్టించారు. ఇంగ్లాండు చెట్ల నీడన బెంగాల్ మంటపం! కాలేజ్ గ్రీన్ దగ్గర 1997లో నిలబెట్టిన ఆయన కంచు విగ్రహం ఉంది. ఆయన నాటిన బ్రహ్మసమాజమే రాజమండ్రిలో వీరేశలింగం పంతులుకూ, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుకూ దారి చూపింది. 1881లో రాజమండ్రిలో జరిగిన తొలి వితంతు వివాహం సంగతి తెలిసిన తెలుగువాళ్లు బ్రిస్టల్ వెళ్లి ఈ సమాధి చూడకుండా రావడం అన్యాయం.

బస్సెక్కని ఊరు

1963లో ఇక్కడి బస్సు కంపెనీ నల్లజాతివాళ్లకూ ఆసియావాళ్లకూ కండక్టర్, డ్రైవర్ ఉద్యోగాలు ఇచ్చేది కాదు. పాల్ స్టీఫెన్‌సన్, రాయ్ హ్యాకెట్ తదితరుల పిలుపుతో జనం బస్సులెక్కడం మానేశారు. నాలుగు నెలలకు, ఆగస్టు 28న, కంపెనీ దిగొచ్చింది. ఆ తర్వాత తెల్లజాతివాడు కాని తొలి కండక్టర్‌గా చేరినవాడు రఘ్‌బీర్ సింగ్, మన పంజాబీ సిక్కు. ఇలా తిరగబడే అలవాటు గోడల మీదికీ ఎక్కింది. ముఖం చూపని చిత్రకారుడు బ్యాంక్సీ ఈ ఊరివాడే. పార్క్ స్ట్రీట్ దగ్గరా స్టోక్స్ క్రాఫ్ట్‌లోనూ అతని బొమ్మలు టికెట్ లేకుండా చూడొచ్చు.

వెళ్లాలంటే...

లండన్ పాడింగ్టన్ నుంచి టెంపుల్ మీడ్స్ స్టేషన్‌కు రైల్లో దాదాపు గంటా నలభై నిమిషాలు. రెండు రోజులు చాలు. మొదటి రోజు హార్బర్ వెంట మాథ్యూ, ఎం షెడ్, గ్రేట్ బ్రిటన్, పేరోస్ బ్రిడ్జ్. రెండో రోజు ఆర్నోస్ వేల్, కార్న్ స్ట్రీట్, జార్జియన్ హౌస్, క్లిఫ్టన్. ఎం షెడ్, జార్జియన్ హౌస్ ఉచితం, గ్రేట్ బ్రిటన్‌కు టికెట్ ఉంది. జార్జియన్ హౌస్ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, రోజులు చూసుకుని వెళ్లండి. ఆగస్టులో వెళితే యాష్టన్ కోర్ట్ మైదానంలో 1979 నుంచి జరుగుతున్న బెలూన్ల పండగ కూడా కలిసొస్తుంది.

గొప్పలు చెప్పుకునే ఊళ్లు లోకంలో కొల్లలు. తప్పుల్ని కూడా మ్యూజియంలో పెట్టి చూపించే ఊళ్లు తక్కువ. అందుకే బ్రిస్టల్‌లో తీరిక దొరికేది ఒక్క పూటే అయితే, వంతెన ఫొటో తర్వాత దిగొచ్చు. ముందు ఎం షెడ్‌కు వెళ్లండి.