సాజ్ అనే మాటకు రెండర్థాలు: వాద్య నిర్మాణం, పాత వాద్యాల బేరం

ఉర్దూ భాషలో 'సాజ్' అంటే వాద్యం. అదే మాట మరొక పదం చివర చేరితే 'చేసేవాడు' అనే అర్థం వస్తుంది. గడియారాలు బాగుచేసేవాడు ఘడీసాజ్, పుస్తకాలకు అట్టలు కట్టేవాడు జిల్ద్‌సాజ్. రెండింటికీ మూలం 'నిర్మించుట' అనే అర్థం గల పారసీక ధాతువే. వాద్యాన్నీ, దానిని చేసే చేతినీ ఒకే మాటలో ఇమిడ్చిన ఆ భాష మనకొక పాఠం చెబుతున్నది. వాద్యం ఎలా తయారవుతుందో ఎరిగినవాడు దానిని చక్కగా వాయించగలడు, కొనేటప్పుడు మోసపోకుండానూ ఉండగలడు. నేటి విద్యార్థులు మిక్కిలి మక్కువ చూపుతున్న బేస్ గిటారును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించాలని మా ప్రయత్నం.

బేస్ గిటారు వయస్సు ఎక్కువేమీ కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930ల నడుమ విద్యుత్తుతో పలికే మంద్రస్వర వాద్యాన్ని చేసి అమ్మజూపాడు గాని అది ప్రచారం పొందలేదు. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' అనే నాలుగు తీగల వాద్యాన్ని విపణిలోకి తెచ్చాడు. అంతకు ముందు మంద్రస్వరానికి మనిషెత్తు ఉండే డబుల్ బేస్‌ను నిలబెట్టి వాయించేవారు. ఫెండర్ వాద్యాన్ని భుజానికి తగిలించుకోవచ్చు. దానికి మెట్లు ఉన్నందువల్ల స్వరస్థానం తప్పదు. 'ప్రెసిషన్', అనగా కచ్చితత్వం, అనే పేరు అందుకే వచ్చింది.

ఇక నిర్మాణానికి వద్దాము. తీగ పలికే స్వరం మూడింటిపై ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. బేస్ గిటారులోని అన్నిటికన్నా మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారులోని మంద్రతీగ 82 సార్లు కంపిస్తుంది. పొడవునూ బిగువునూ మార్చకుండా కంపనాన్ని సగం చేయాలంటే తీగ బరువు నాలుగింతలు కావాలి. అంత లావు ఉక్కుతీగ వంగదు, సరిగా పలకదు. కాబట్టి రెండు ఉపాయాలు పన్నారు. మొదటిది పొడవు పెంచడం. గిటారులో తీగ పలికే పొడవు సుమారు 25 అంగుళాలైతే బేస్ గిటారులో 34 అంగుళాలు. రెండవది సన్నని ఉక్కుతీగ చుట్టూ మరొక తీగను బిగించి చుట్టడం. దీనివల్ల బరువు పెరుగుతుంది గాని మెత్తదనం పోదు. కరీంనగర్ వెండి తీగపని వారిని ఎరిగిన మనకు ఇది సులభంగా బోధపడుతుంది. వారు వెండిని క్రమంగా చిన్నవయ్యే రంధ్రాలలోంచి లాగి సన్నగా చేస్తారు, పురి పెడతారు, వంచి లతలుగా, పూలుగా అల్లుతారు. తీగ ఎంత సన్ననిదైతే అంత చక్కగా వంగుతుందని వారి చేతులకు తెలుసు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పని వెనుక ఉన్న విద్య ఇదే.

తరువాతిది మెట్ల లెక్క. తీగ పొడవును 17.817 చేత భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. 34 అంగుళాలకు అది సుమారు 1.91 అంగుళాలు. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవ మెట్టు. ఇలా పోగా పన్నెండవ మెట్టు సరిగా సగంలో, 17 అంగుళాల దగ్గర పడుతుంది. అక్కడ పై స్థాయి స్వరం పలుకుతుంది. బొబ్బిలి వీణలో 24 మెట్లను మైనంపై నిలుపుతారు. మైనాన్ని కరిగించి మేళం సరిచేసుకోవచ్చు. బేస్ గిటారులో మెట్టు కొయ్యలోకి దిగగొట్టబడుతుంది. కోత చోటు తప్పితే స్వరం తప్పుతుంది, దాన్ని సరిచేయడం బహుకష్టం. అందుచేత నేర్చుకొనేవారు మొదట కాగితంపై లెక్క వేసి, చవక చెక్కపై కోసి, ఆ పిమ్మటనే మంచి కొయ్యపై రంపం పెట్టాలి.

కొయ్య విషయంలో మన ఆదిలాబాదు సీమ అదృష్టవంతురాలు. ఇక్కడి టేకు కాలం గడిచినా వంకరపోదు. కాని అందులో నూనె ఉంటుంది గనుక జిగురు పట్టడం కష్టం. చిత్రిక పట్టిన వెంటనే అతికించాలి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కొయ్య తేలిక, మెత్తన. అది బొమ్మకు వరమే గాని, నాలుగు తీగల లాగుడును నిరంతరం భరించవలసిన మెడకు పనికిరాదు. పచ్చికొయ్య అసలే కూడదు. ఆరే కొద్దీ మెడ మెలిక తిరుగుతుంది. పాత ఇండ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు దశాబ్దాలుగా ఆరినవి కాబట్టి శ్రేష్ఠం. వాటిని కూడా రసీదుతోనే కొనాలి. అడవి కొయ్యకు చట్టం ఉన్నది. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. తీగల బిగువుకు మెడ ముందుకు వంగితే, ఆ కడ్డీని తిప్పి సరిచేస్తారు.

చివరిది పికప్. అయస్కాంతం చుట్టూ వెంట్రుకవంటి రాగితీగను కొన్ని వేల చుట్లు చుట్టగా ఇది తయారవుతుంది. ఉక్కుతీగ దానిపై కంపించినప్పుడు రాగితీగలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. దానిని యంత్రం పెద్దది చేసి వినిపిస్తుంది. నారతీగ గాని వెంట్రుకతీగ గాని ఎంత కంపించినా ఈ పికప్‌కు వినబడదు.

ప్రత్యేకంగా చేయించుకొనే వాద్యం వాయించేవాని కొలతకు సరిపోతుంది. చిన్న చేతులు గలవారికి 30 అంగుళాల పొడవు, ఎడమచేతి వాటం వారికి తిరగేసిన అమరిక, భుజాల నొప్పి గలవారికి తేలికైన కొయ్య పెట్టించవచ్చు. ఆ సుఖానికి ధర కూడా ఉన్నది. ఒకరి చేతికి కుదిరిన వస్తువు మరొకరికి కుదరకపోవచ్చును గనుక, అమ్మేటప్పుడు దానికి పెట్టిన ఖర్చు సాధారణంగా తిరిగి రాదు.

అందుచేత పేద విద్యార్థికి దారి పాత వాద్యమే. హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారు మొదలుకొని ఎక్కడైనా సరే, పైమెరుగు చూసి పాత వస్తువు ధర కట్టరాదు. మొదట మెడను చివర నుండి ఒక కంటితో చూడాలి. తీగను మొదటి మెట్టు వద్దనూ చివరి మెట్టు వద్దనూ అదిమి, నడుమ కాగితమంత సందు ఉన్నదేమో గమనించాలి. సందు ఎక్కువైతే లోపలి కడ్డీ తిరుగుతున్నదా అని అడగాలి. పన్నెండవ మెట్టుపై తీగను వేలితో తాకీ తాకకుండా ఒకసారి, అదిమి మరొకసారి మీటాలి. రెండు స్వరాలూ కలవాలి. మెట్లపై తీగల గాడులు, మెడ అతుకు వద్ద పగుళ్ళు, మీటలు తిప్పినప్పుడు వచ్చే బరబర శబ్దం, ఇవన్నీ ధర తగ్గించే కారణాలు. అమ్మేవారికీ ధర్మం ఉన్నది. ఏ భాగం మార్చారో, ఏది అతికించారో ముందే చెప్పాలి.

ఇంతవరకు చెప్పినది కార్ఖానాలు గల వాద్యం మాట. ఆ వాద్యం ఒకరు అమ్మితే మరొకరు వాయిస్తారు, పాడైతే భాగాలు దొరుకుతాయి. మన జిల్లాల్లోనే ఆ వసతి లేని వాద్యం ఒకటి ఉన్నది. ఉట్నూరు, జైనూరు ప్రాంతాల గోండు గూడేలలో ప్రధానులు, తోటివారు కమానుతో వాయించే కిక్రి అది. చర్మం కప్పిన కొయ్య శరీరం, మూడు తీగలు. మెట్లు లేవు, స్వరస్థానం వేలికొనలోనే ఉన్నది. గోండుల వంశగాథలను, పెర్సపేన్ కథలను ఆ వాద్యంతోనే గానం చేస్తారు. 1940లలో మార్లవాయిలో నివసించి గోండుల జీవితాన్ని పరిశీలించిన హైమన్‌డార్ఫ్, 1948లో వెలువడిన తన గ్రంథంలో, ఈ గాయకులు లేనిదే గోండుల ఆరాధన సాగదని గుర్తించాడు.

కిక్రిని కూడా పాత వస్తువుగా కొనేవారు ఉంటారు. గోడకు తగిలించడానికి కొంటారు. అక్కడే మనం ఆలోచించాలి. ఒక విద్యార్థి తన పాత గిటారును మరొక విద్యార్థికి అమ్మితే ఊరిలో వాయించేవారి సంఖ్య తగ్గదు. గాయకుడు తన కిక్రిని అలంకారానికి అమ్మివేస్తే ఒక వాద్యంతో పాటు దానిని చూసి మరొకటి చేయగల నమూనా, దానిపై నేర్చుకోగల కుమారుని అవకాశం కూడా పోతాయి. బేరం రెండు చోట్లా బేరమే అయినా ఫలితం ఒకటి కాదు. వాయించే చేతి నుండి వాయించే చేతికి పోయినంత కాలమే అది వాద్యం, ఆ తరువాత కొయ్య మాత్రమే.

కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంలో మా మనవి ఒకటి కలదు. సంగీత శాల కోసం వాద్యాలు కొనేటప్పుడు ఒక బేస్ గిటారు పాతదే కొనవచ్చు. పైన చెప్పిన పరీక్షలు విద్యార్థుల చేతనే చేయించండి. కిక్రిని మాత్రం పాతది కొనకండి. వాయించే గాయకునికి కూలి ఇచ్చి కొత్తది చేయించండి. అతడు చేస్తుండగా మన విద్యార్థులు పక్కన కూర్చుండి కొయ్య పేరు, కొలతలు, చర్మం బిగించే తీరు ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసిపెట్టాలి. అప్పుడు 'సాజ్' అనే మాటకు గల రెండర్థాలూ మన కళాశాలలో సార్థకమవుతాయి.