రథం ఒక్క చేతితో కదలదు

పుదుచ్చేరి సమీపాన, అరియాంకుప్పం కమ్యూన్‌లోని వీరాంపట్టినంలో ఏటా ఆడి మాసాన సెంగళునీర్ అమ్మవారి రథోత్సవం జరుగుతుంది. ఫ్రెంచి పాలనలో గవర్నరే వచ్చి రథపు మోకు పట్టేవాడు. 1954లో ఆ పాలన ముగిసినా ఆచారం నిలిచింది. అయినా రథాన్ని కదిలించేది వేల చేతులే!

ఇంటి పండుగ భారం మాత్రం తరచు ఒక్క ఇల్లాలిదే. అందరూ తిన్నాక తినే ఆమెకు నిద్ర చాలదు. వేళకు మాత్ర పడదు. అలసట చిరాకవుతుంది, రక్తపుపోటు పెరుగుతుంది.

నివారణ సులువే. పనులను ముందురోజే పంచుకోండి. రక్తపుపోటు, మధుమేహం ఉన్నవారు పండుగనాడైనా మందులు మానరాదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అప్పడాలు, ఊరగాయలు ఆ లెక్కలోనివే. సెలవుల్లోని అతి మద్యపానం గుండె లయను తప్పించగలదని అమెరికా వైద్యులు 1978లోనే వెల్లడించారు.

ఇల్లాలూ అందరితోపాటు విస్తరి ముందు కూర్చున్ననాడే అది ఇంటిల్లిపాదికీ పండుగ.