గ్రామఫోను రికార్డుల శ్రవణమున ఫోనో ప్రీయాంప్లిఫయరు స్థానము

తెలుగువారి నాటకపద్యములు, హరికథలు, సంగీత కచేరీలు, చలనచిత్ర గీతములు ఎన్నియో గ్రామఫోను రికార్డులపై వెలువడినవి. ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన కుటుంబములకు ఇవి వినోదసాధనములు మాత్రమే కావు. ముందుతరముల ఉచ్చారణకు సాక్ష్యములు కూడ. అట్టి రికార్డును నేటి యంత్రముపై పెట్టి వినబోవునపుడు ధ్వని మిక్కిలి సన్నగా, మంద్రము లేక, కీచుమనుచు వినవచ్చుట కలదు. రికార్డు చెడినదని తలచి దానిని పాతసామానులవానికి ఇచ్చివేయువారును కలరు. కాని పెక్కు సందర్భములలో లోపము రికార్డుది కాదు. నడుమ నుండవలసిన ఒక చిన్న పరికరము లేకపోవుటయే కారణము. దానిపేరు ఫోనో ప్రీయాంప్లిఫయరు.

ఈ పరికరము చేయు పనులు రెండు. మొదటిది బలమిచ్చుట. రికార్డు గాడిలో సూది కదలినపుడు కార్ట్రిడ్జిలోని చిన్న అయస్కాంతము తీగచుట్టల చెంత చలించి విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు సుమారు 3 నుండి 5 మిల్లీవోల్టులు మాత్రమే. సాధారణ యాంప్లిఫయరు కోరునది అంతకంటె వందరెట్ల వరకు ఎక్కువ. ఆ వ్యత్యాసమును ప్రీయాంప్లిఫయరు పూరించును. అయస్కాంతమునకు మారుగా తీగచుట్టయే కదలు రకము కార్ట్రిడ్జి మిల్లీవోల్టులో సగమైనను ఇయ్యకపోవచ్చును. దానికి సుమారు వేయిరెట్ల బలము కావలెను.

రెండవపని ఇంకను ముఖ్యమైనది. గాయకుని కంఠము రికార్డుపై ఉన్నదున్నట్లు చెక్కబడదు. మంద్రధ్వనులను పూర్తిబలముతో చెక్కినచో గాడి మిక్కిలి వెడల్పుగా ఊగి ప్రక్కగాడిని తాకును. లేదా గాళ్ల నడుమ ఎడము పెంచవలసివచ్చి రికార్డు నిడివి తగ్గును. కావున చెక్కునపుడు మంద్రమును తగ్గింతురు. తారధ్వనులనో, అందుకు మారుగా హెచ్చింతురు. ఏలన, గాడి ఉపరితలమువలన కలుగు బుసబుస శబ్దము ఆ శ్రుతులలోనే ఎక్కువగా వినబడును. వినునపుడు తారధ్వనులను తిరిగి తగ్గించినచో, వానితోపాటు ఆ బుసయు తగ్గును. ఈ విధముగా తగ్గించినదానిని హెచ్చించి, హెచ్చించినదానిని తగ్గించి, సహజరూపమును మరల తెచ్చుటయే ప్రీయాంప్లిఫయరు రెండవ కార్యము.

ఇందుకై అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘము 1954లో ఏర్పరచిన ప్రమాణమునకు ఆర్.ఐ.ఎ.ఎ. వక్రరేఖ యని పేరు. దీని ప్రకారము సెకనుకు 1000 కంపనముల ధ్వనితో పోల్చినపుడు, 20 కంపనముల ధ్వని సుమారు 9 రెట్లు హెచ్చింపబడును. 20,000 కంపనముల ధ్వని 9వ వంతుకంటె కొంత తక్కువగును. ఈ దిద్దుబాటు లేనిచో మృదంగము గుండెకోల్పోయినట్లుండును. శకార సకారములు చెవిని గీరును.

అంతకుముందటి 78 చుట్ల రికార్డుల సంగతి వేరు. విద్యుత్పద్ధతి 1925 ప్రాంతమున వచ్చిన పిమ్మట ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క కొలతను అనుసరించెను. మంద్రమును తగ్గించుట కొందరు 250 కంపనములకు దిగువను, మరికొందరు 500 కంపనములకు దిగువను ప్రారంభించిరి. అంతకు పూర్వము బాకాలో పాడి చెక్కినవానికి ఇట్టి దిద్దుబాటే లేదు. కావున పాతరికార్డులకు కొలతలు మార్చుకొనదగు ప్రీయాంప్లిఫయరు మేలు. సూదియు వేరుగా నుండవలెను: 78 చుట్లవానికి అంగుళములో వెయ్యింట 3 వంతుల మొన కావలెను, లాంగ్‌ప్లే రికార్డులకు వెయ్యింట 1 వంతు, లేదా అంతకంటె సన్ననిది.

తాతలనాటి రేడియోగ్రాములలో ఇట్టి పరికరము కానరాదేమని కొందరు శంకింపవచ్చును. వానిలో పెక్కింట స్ఫటిక కార్ట్రిడ్జి ఉండెడిది. అది హెచ్చు విద్యుత్తునిచ్చుటయేగాక, తన స్వభావముచేతనే దిద్దుబాటును చాలవరకు జరుపుకొనును. నేటి కొన్ని యంత్రములలో ప్రీయాంప్లిఫయరు లోపలనే అమర్చబడియుండును. అట్టిదానికి మరియొకటి తగిలించినచో ధ్వని గుమగుమలాడి వికృతమగును. కొనుటకు ముందు దీనిని తెలిసికొనవలెను. అయస్కాంతము కదలు రకమునకు ప్రీయాంప్లిఫయరు నిరోధము 47,000 ఓములుండుట వాడుక. భూమితీగను కలుపకున్నచో గుయ్యిమను శబ్దము పాటను మింగును.

పాతరికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించువారు ఈ విషయమును మరి శ్రద్ధగా గమనింపవలెను. దిద్దుబాటు లేకయే ఎక్కించి దానినే మూలప్రతి యనుకొన్నచో, తరువాతివారు ఆ వికృతధ్వనినే గాయకుని కంఠమని భ్రమింతురు. పరరాష్ట్రమున తెలుగు నేర్చుకొను బాలునికి శ, ష, సల భేదము చెవితో పట్టుబడవలెను. ఆ భేదమును తెలుపు ధ్వనులు తారశ్రుతులలోనే యున్నవి. దిద్దుబాటు తప్పినచో మొదట చెడునది అదియే. ఏ కొలతతో, ఏ సూదితో ఎక్కించిరో వ్రాసియుంచి, అసలు రికార్డును పారవేయక నిలువుగా భద్రపరచినచో, తప్పును పిదప సవరించుకొనవచ్చును. రికార్డే పోయినచో సవరణకు తావుండదు.