బండి తాళం కంటే ముందు



"ట్యూషన్‌కే కదా మేడమ్, రెండు వీధుల అవతలే" అని టెన్త్ పిల్లల చేతికి స్కూటీ తాళం ఇచ్చేసేవాళ్లు మన తణుకులో తక్కువేం కాదు. పొద్దున్నే మీ హడావిడి నాకూ తెలుసు. కానీ 16 ఏళ్లకు, అదీ మీ అంగీకారంతో, లైసెన్స్ ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. మన ఇళ్లల్లో ఉన్న పెట్రోల్ స్కూటీలు దాదాపు అన్నీ అంతకు మించినవే. వాటికి 18 నిండాలి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

మరి నేర్చుకునేదెప్పుడు? నడపడానికి ముందు రోడ్డును చూడటం నేర్పవచ్చు. 2010లో కేరళలో మొదలై 2018లో దేశమంతటికీ ప్రకటించిన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమంలో రోడ్డు భద్రత కూడా ఒక పాఠమే.

మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. ఆపి ఉంచిన లారీలో డ్రైవర్ సీటు ఎక్కించి, వెనకాల ఆనుకుని నిలబడ్డ స్నేహితుణ్ణి అద్దంలో వెతకమంటే చాలు. కనబడడు! గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. బ్రేకు మీద చెయ్యి పడేలోపు పోయే ఆ దూరాన్ని గ్రౌండ్‌లో టేపుతో కొలిపిస్తే లెక్కల పీరియడ్ కంటే బాగా గుర్తుంటుంది.

మీలో లారీ, బస్సు, ట్రాక్టర్ నడిపేవారుంటే రెండు శనివారాలు మా కోసం రండి. పిల్లల డైరీలో రాసి పంపితే చాలు. బైక్ మీద వచ్చేవారు హెల్మెట్ పెట్టుకుని రండి, గేటు దగ్గర పిల్లలు చూస్తుంటారు.